సున్నము క్రింది కోడిపుంజు

శరత్కాలము ముగియవచ్చెను. పొల్తావ సీమయందు ప్సెల్ నదీతీరముననున్న వెర్బివ్క గ్రామముపై వేకువను పట్టిన మంచు మధ్యాహ్నమైనను విడువక నానిన కంబళివలె పడియుండ కోత ముగిసిన గోధుమచేలు బోసిపోయి గింజలు రాలిన ప్రొద్దుతిరుగుడు కాడలు తలలు వాల్చిన ఖైదీలవలె వరుసదీఱి నిలిచియుండెను. కొంగలు గూండ్లు విడిచి దక్షిణదిశకు పోయి చాల దినములయ్యెను. గడ్డికప్పుల చూరులక్రింద ఆరగట్టిన కలీనా యను నెఱ్ఱపండ్ల గుత్తులు మాత్రమే ఆ ధూసరప్రపంచమున రక్తబిందువులవలె మెఱయుచుండెను. పొలముపనులు తీఱినపిమ్మట కన్యలున్న యిండ్లకు పెండ్లిరాయబారులు బయలుదేఱుటకు ఆ దేశమున నిదియే యదను.

ఆ దినమున సావా యను కాపువాని యింట నున్నవారు గృహస్థుడగు సావాయు నతని భార్య పరాస్కయు కన్నులు పోయి యేండ్లతరబడి పొయ్యిమీదనే శయనించు నతని తల్లి మెలాష్కయు పదియేడేండ్ల యతని కూతురు ఉల్యానాయు పరాస్కకన్నయు నాటి పెండ్లిరాయబారియు నైన ఒమెల్కోయు వరుడగు నికానోరును వరునివెంట పట్టణమునుండి బండిలో విచ్చేసిన ఇపొలిత్ పెత్రోవిచ్ అను నుద్యోగియు.

ఈ కడపటివానిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. అక్కాలమున ఉక్రేనీయుల దేశము రుష్యచక్రవర్తి యేలుబడిలో నుండెను. ఒకప్పుడు గుఱ్ఱములెక్కి తమ నాయకుని తామే యెన్నుకొని తమ న్యాయము తామే చెప్పికొన్న కొసాకుల సంతతివారిని చిన్నరుష్యులని పిలిచి వారి భాష భాషయే కాదనియు పెద్దభాషను పల్లెవారు నమిలి యుమిసిన పిప్పి యనియు ప్రభుత్వమువారు నిర్ణయించి దానియందు గ్రంథములచ్చొత్తించుటను నిషేధించియుండిరి. ఆ నిషేధమును నడుపువారిలో ఇపొలిత్ పెత్రోవిచ్ ఒకడు. ఆ భాషలో పుస్తకము వెలువడకుండ చూచుట యతని వృత్తి. ఆ భాషలో పాటలు వినుట యతని వినోదము. తాను చంపిన పక్షి యీకను టోపీకి చెక్కికొను వేటకానివలె నతడు ఆ జనుల కుట్టుపనిచొక్కాయ తొడిగికొని పట్టణపు విందులకు పోవుచుండెను.

నికానోర్ అతనికడ లేఖకుడు. ఇంటిభాష తెలిసినవాడగుటచేతనే యతనికా కొలువు దొరకెను. వ్రాతప్రతులలో నిషిద్ధమైన మాట యెచ్చట నక్కియున్నదో వాసనపట్టి యజమానునికి చూపుట యతని పని. తాతలనాటి యారెమెన్కో యను నింటిపేరునకు రుష్యులతీరున నొక తోక తగిలించి యారెమెన్కొవ్ అని వ్యవహరించుచుండెను. తల్లిలేని పసివాడై యున్ననాడు ఈ పొయ్యిప్రక్కనే కూర్చుండి మెలాష్క చేతి కుడుములు తిని పెరిగినవాడితడే. ఉల్యానాను పెండ్లియాడెదనని యతడే కబురంపెను. సావాకు అడవికావలి యుద్యోగమిప్పించెదనని యా కబురునకు కొస తగిలించెను.

ఆ దేశపు పొయ్యి మన పొయ్యివంటిది గాదు. గదిలో నాల్గవపాలు నాక్రమించి వంటకును వెచ్చదనమునకును వృద్ధుల శయ్యకును పనికివచ్చు గొప్ప మట్టికట్టడమది. మెలాష్క యా యింటికి కోడలై వచ్చినది మొదలు ఏటేట పండుగకు ముందు పిల్లివెండ్రుకల కుంచెతో ఆ పొయ్యిగోడపై ఎడమవైపున ఎఱ్ఱజుట్టు కోడిపుంజును కుడివైపున కలీనాకొమ్మపై వ్రాలిన కోకిలను చిత్రించుచుండెను. ఆమెకు నేర్పినది యామె యత్త. ఆ యత్తకు నేర్పినది యామె యత్త. ఏ యచ్చుయంత్రమునకును లొంగక ఏ యధికారి కంటను బడక కోడండ్ర వ్రేళ్లవెంట దిగివచ్చిన యా జాతి గ్రంథములలో నదియొక పుట. చూపు పోయినపిదప ముసలిది మనుమరాలి వ్రేళ్లు పట్టుకొని వ్రాయించుచు వచ్చెను. కావున నిప్పటి కోడిపుంజు ఉల్యానా చేతిది.

ఇప్పటిది యనుట పొరపాటు. పట్టణపు దొర వచ్చునని తెలిసిన వారమున సావా బకెట్టెడు సున్నము కలిపి నాగరకుల యింట కోళ్లేమిటని గొణుగుచు పొయ్యినంతటిని వెల్లవేసెను. సున్నపువాసనకు మెలాష్క లేచి కూర్చుండి "ఏమిరా, దేనికి వేయుచున్నావు?" అని యడుగగా "గోడలకేనమ్మా, పండుకొనుము" అనెను. భార్య విని తల దించుకొనెను. కూతురు విని తల దించుకొనలేదు కాని నోరును విప్పలేదు.

ఉల్యానాకు నోరు విప్పుట తెలియదు. గ్రామపాఠశాలలో చదివిన చలికాలములలో ఇంటిమాట నోట వచ్చిన ప్రతిసారియు ఉపాధ్యాయుడామెను గోడవైపు తిప్పి నిలువబెట్టుచుండెను. పాఠశాల మాట యింట పలికిన ప్రక్కింటివారు దొరసాని వచ్చెనని నవ్వుచుండిరి. కావున నామె రెండు మాటలను మ్రింగివైచి మౌనమునే మాతృభాషగా గైకొన్నది.

అట్టివారికొఱకే కాబోలు ఆ దేశపు పెద్దలు మాట యక్కఱలేని యొక యాచారమును నిలిపిరి. రాయబారులు వచ్చినపుడు కన్య పొయ్యికడ నిలువబడును. వరుడు నచ్చినచో సిగ్గుతో పొయ్యి మట్టిని గోట గీరును. అది సమ్మతి. అప్పుడు కుట్టుపని తువాళ్లు తెచ్చి రాయబారుల భుజములకు గట్టును. నచ్చనిచో గుమ్మడికాయ తెచ్చి వరుని చేత బెట్టును. మనదేశమున దిష్టి తీయు నా ఫలము ఆ దేశమున వరుని పరువు తీయును. గుమ్మడికాయ మోసికొని వీధివెంట నడచిన మగవానిని ముసలితనము వచ్చువఱకు నెవరును మఱవరు. తండ్రి యెంతటి కోపియైనను ఆ రెంటి నడుమ దూరరాదు. ఆ యుదయమున పరాస్క కూతునకు జడలు వేయుచు "తువాళ్లు పెట్టెలో నున్నవి. కాయలు కొట్టుగదిలో నున్నవి. నీ యిష్టమే తల్లీ" అని చెవిలో చెప్పియుండెను. ఉల్యానా యింకను నిశ్చయించుకొనలేదు. కుడుములు తిన్న బాలుడు మంచివాడు. ఆ బాలుడు వచ్చునో లేదో చూడవలెనని యామె తలంపు.

అతిథులు కూర్చుండిరి. ఇపొలిత్ పెత్రోవిచ్ కుడుమును పుల్లమీగడలో ముంచి నోట వైచికొని మీసములనుండి మీగడ కాఱుచుండగనే మఱియొకటి ముంచుచు "కానిండు, ఆచారము యథావిధిగా జరుగవలెను. ఏమియు విడువరాదు. నేను మీ జనులను ప్రేమించువాడను" అనెను. ఆ ప్రేమతోపాటు రెండు మెతుకులు బల్లపై బడెను.

ఒమెల్కో చేతికఱ్ఱ తాటించి గొంతు సవరించుకొని తాతలనాటి మాటలెత్తుకొనెను. "మేము దూరదేశపు వేటగాండ్రము. మా రాజకుమారుడు పసిడినక్క యడుగులు పట్టి మంచులో తిరిగి తిరిగి మీ వాకిటికి వచ్చెను. నక్క లోపల దూఱినది. అన్నలారా, నక్కనిచ్చెదరా లేక మమ్ము వెళ్లగొట్టెదరా?"

"వెళ్లగొట్టిన నీవు పోవుదువా అన్నా? సారా సీసా ఖాళీ కాలేదే" అని పరాస్క యాచారము తప్పకుండ వేళాకోళమాడెను.

"సీసాయే నక్కయైన ఈపాటికి పట్టుకొని యుందునమ్మా."

దొర పొట్ట పట్టుకొని నవ్వెను. పిమ్మట నికానోర్ వైపు తిరిగి "ఇది భాష యందువా?" అని యడిగెను.

నికానోర్ లవంగతైలము పూసిన తల వంచి స్వచ్ఛమైన ప్రభుత్వభాషలో "భాష కాదు మహాశయా, ఇది కంఠరోగము. పట్టణవాయువు సోకిన నివర్తించును. నా విషయమే ప్రత్యక్షనిదర్శనము" అనెను.

సావా నవ్వెను. అర్థమై నవ్వెనో కాక నవ్వెనో తెలియదు. దొర నవ్వినప్పుడు నవ్వవలెనని మాత్రమతనికి తెలియును.

ఆ కంఠధ్వని విని పొయ్యిమీద మెలాష్క కదలెను. "ఎవరది, యారెమా మనుమడా? నికానోరూ, గొంతు అట్లున్నదేమిరా నాయనా? జలుబు చేసినదా? ఇటు రా, తల నిమిరెదను."

నికానోర్ పొయ్యివైపు చూడలేదు. "వృద్ధురాలేమనుచున్నది? నాకవగతము కాలేదు" అని ప్రభుత్వభాషలోనే బల్లనుద్దేశించి పలికెను.

"ఓహో, పరాయివాడా? పోనీలే నాయనా, పరాయివాడైనను కుడుములు తినుము. మా నికానోరనుకొంటిని" అని ముసలిది చాచిన చేయిని మెల్లగా వెనుకకు దీసికొనెను.

కుళ్లిన గ్రుడ్డును పగులగొట్టి వాసన చూచినవారి ముఖమువలె పొయ్యికడ నిలిచియున్న ఉల్యానా ముఖము ముడుచుకొన్నది. ఒమెల్కో దానిని సిగ్గనుకొనెను.

ముసలిదానికి మాటలాడవలెనను నుత్సాహమింకను తీఱలేదు. "దొరగారూ, దూరమునుండి వచ్చితిరట. మా పొయ్యిని చూచితిరా? ఎడమప్రక్క పుంజున్నదే, దాని తోక ఈకలు మా యత్త నేర్పిన తీరు. ఈ గ్రామమున నెవరికిని రాదు. కుడిప్రక్క కోకిల కంటిలో తెల్లచుక్క పెట్టుట మఱవకుమని ఏటేట పిల్లకు చెప్పుదును. పెట్టినదా లేదా, చూచి చెప్పుడు."

ఏడుగురిలో కన్నులున్న యార్గురును పొయ్యివైపు చూచిరి. అచ్చట సున్నము తప్ప మఱేమియు లేదు. పరాస్క కొంగుకొన కొఱికికొనెను. సావా దొరవైపు తిరిగి పెదవులపై వ్రేలుంచి బ్రతిమాలెను. నికానోర్ ముసలిదాని మాటలను విప్పి చెప్పగా దొరకు విషయమర్థమై మీసములలో నవ్వు పొంగి "అయ్యో, చిత్రములుండెనా? అవి చూడవలెననియే నేను వచ్చితినే. అయినను ఇదియే బాగున్నది. గ్రుడ్డిది శూన్యమును వర్ణించుచున్నది. ఈ జాతి చరిత్ర యంతయు నిట్టిదే" అని నికానోర్ చెవికడ ననెను.

అప్పుడు నికానోర్ యజమానునికి కన్ను గీటి పొయ్యికడకు నడచి నాటి కదియే మొదటిసారిగా నింటిమాటలో తేనెలొలుకునట్లు "అవునవ్వా. పుంజు బహు బాగున్నది. జుట్టెఱ్ఱగా నిగనిగలాడుచున్నది. కోకిల కంటిలో చుక్కయు నున్నది" అనెను.

"ఉన్నదా? నా తల్లి మఱవలేదు" అని మెలాష్క పండ్లులేని నోట నవ్వి "నీ గొంతిప్పుడు మా నికానోర్ గొంతువలెనే యున్నదిరా" అనెను.

దొర చేతిరుమాలు నోట గ్రుక్కికొనెను.

అమ్మనుడిని అబద్ధమునకు మాత్రమే బయటికి దీయువానిని ఉల్యానా కన్నులార చూచెను. ఆ లవంగవాసన ఆ మీగడమీసము తండ్రి వంగిన వెన్ను అన్నియు నొక్కటై గొంతులోనికి పొంగుకొనిరాగా నామె వారివైపు వీపు ద్రిప్పి పాఠశాలలో నిలిచినట్లే గోడవైపు ముఖము పెట్టి నిలిచెను. కన్నుల కెదుట సున్నము. దానిక్రింద నెచ్చట నేమున్నదో యామె వ్రేళ్లకు తెలియును. తెలియకయే చేయి లేచెను. గోరు సున్నములో దిగెను. తెల్లని పెచ్చొకటి లేచి నేల రాలెను. దానిక్రింద ఎఱ్ఱజుట్టు కొన తొంగిచూచెను. ఆమె మఱల గీరెను.

"గీరుచున్నది" అని ఒమెల్కో బల్లపై చఱచెను. "చూడుడు చూడుడు, పిల్ల పొయ్యి గీరుచున్నది. బావా, మన నక్క చిక్కినది. తువాళ్లు తెండు."

సావా పరుగెత్తి నికానోర్ చేతులు పట్టుకొనెను. దొర చప్పట్లు చఱచి "అద్భుతము, నాటకశాలలోగూడ నింత సహజముగా చేయరు" అనెను. ఉల్యానా చేయి గాలిలో నాగిపోయెను. తాను చేసిన దేమో తన వెనుక పుట్టిన కోలాహలమువలన నామెకు తెలిసెను. పుట్టినది మొదలు ఎఱిగిన యాచారమును జుగుప్సచేత మఱచి పుంజుకొఱకు గీరిన గీరు వరునికొఱకు గీరినదైపోయెను. కాదనుటకు నోరు తెఱచెను. రెండు భాషలలో నేదియు రాలేదు.

సమ్మతించిన పిదప మఱలుట ఆ గ్రామమున నెవరును వినని మాట. వాగ్దానము తప్పిన పిల్లను మఱి యే రాయబారియు నడుగడు. తండ్రికి అడవికావలి పోవును. తల్లి నూతికడ తలయెత్తజాలదు. ఇది యంతయు నెఱిగి ఉల్యానా తల వంచుకొని గది దాటి నడవలోనికి పోయెను. "సిగ్గు సిగ్గు, తువాళ్లకు పోయినది" అని ఒమెల్కో మీసము దువ్వెను. పరాస్క మాత్రము పొయ్యిపైనున్న గీరిన చోటును ఆ యెఱ్ఱకొనను చూచెను. చూచి సీసాకు బిరడా బిగించెను.

ఉల్యానా మఱలివచ్చినపుడు ఆమె చేతులలో తువాళ్లు లేవు. పసుపుపచ్చని గుమ్మడికాయ యుండెను. నేరుగా నడచి నికానోర్ ఒడిలో దాని నుంచి చేతులు తుడిచికొనెను.

గుమ్మడికాయలదొంగ యనిన భుజములు తడుముకొన్న వాని కథ మనవారెఱుగుదురు. గుమ్మడికాయ యొడిలోనే యున్న యా వరుడు భుజములు గాదు, మొగమే తడుముకొనెను. ఒమెల్కో చేతికఱ్ఱ జాఱి నేలపై దొర్లెను. సావా నోరు తెఱచి మూయుట మఱచెను. నిశ్శబ్దము విని మెలాష్క "ఏమైనది? తువాళ్లు సరిపోలేదా?" అని యడిగెను.

ఇపొలిత్ పెత్రోవిచ్ కనుబొమలెత్తి "ఈ ఫలమునకర్థమేమి?" అని నికానోరును బ్రశ్నించెను.

నిషిద్ధమైన మాటల నన్నిటిని వాసనపట్టి యజమానునికి విప్పిచెప్పుటయే వృత్తిగాగల యా లేఖకుడు ఈ యొక్కదాని యర్థము చెప్పజాలక "ఇది... ఇది గౌరవసూచకము మహాశయా. అతిథికిచ్చు కానుక" అనెను.

"ఎంత రమ్యము! మఱి నాకేది? నేనతిథిని గానా?"

ఒమెల్కో బల్లక్రింద కఱ్ఱను వెదకు నెపమున వంగి చాలసేపటివఱకు లేవలేదు. అతని వీపు మాత్రము కదలుచుండెను. పరాస్క కొంగుతో ముఖము కప్పికొనెను. ఉల్యానా దొరను ఆపాదమస్తకమును చూచెను. కుట్టుపని చొక్కాయను చూచెను. మీసమున నెండిన మీగడను చూచెను. పిమ్మట మఱల కొట్టుగదికి పోయి ఉన్నవానిలో పెద్దదానిని, చారలదానిని, రెండు చేతుల నెత్తుకొని వచ్చి దొర సెలవు తీసికొని బండి యెక్కగా అచ్చటివఱకు మోసి యతని యొడిలో నుంచెను.

బండి వెర్బివ్క వీధివెంట మెల్లగా సాగెను. ఇపొలిత్ పెత్రోవిచ్ పసిబిడ్డను పట్టుకొన్నట్లు గుమ్మడికాయను పట్టుకొని దడులవెంట జేరిన జనులకు టోపీ యెత్తి వందనములర్పించుచుండెను. ప్రక్కన నికానోర్ తనదానిని కోటుక్రింద దాచబోయి దాచలేక గర్భిణివలె నుబ్బి కూర్చుండెను. స్త్రీలు చెఱగులు నోట గ్రుక్కికొనిరి. నూతికడ నొక ముసలామె "ఏమమ్మో, ఒక్క పిల్ల యిద్దఱికి కాయలిచ్చినదా? ఆ బట్టతలవాడును పెండ్లికే వచ్చెనా?" అని గట్టిగనే యడిగెను. ఆ మాట యంతయు విన్న దొర భాష కాని యా భాషలో నేదియో యాశీర్వాదమనుకొని మఱల టోపీ యెత్తెను. పుస్తకము లచ్చొత్తరాని యా జాతివారు ఆ దినమున తమ వీధినే పుటగా జేసి ప్రకటించిన మాటను పరిశీలకుడు స్వహస్తములతో మోసికొని పోయెను.

ఉల్యానా వాకిలి దాటి మఱలి వచ్చుసరికి సావా గడపపై నిలిచియుండెను. ఒమెల్కో కఱ్ఱ దొరకినదో లేదో పెరటిదారిన జాఱిపోయెను.

"నీవు గీరితివి. నేను చూచితిని. గీరి మఱల కాయయిచ్చు పిల్లను ఏ తండ్రియైనను కనెనా?" అని సావా యడిగెను. కేకలు వేయలేదు.

ఉల్యానా చేయి చాపెను. గోటిక్రింద సున్నమును దానిలో నెఱ్ఱని పొడియు నుండెను. జీవితమున నంతటి పొడుగు మాట యామె పలికియుండలేదు. "నేను వానికొఱకు గీరలేదు నాయనా. పుంజుకొఱకు గీరితిని."

"పుంజు" అనెను సావా. "పుంజుకొఱకు నా యడవి పోయినది. పో, ఆ పుంజునే పెండ్లాడుము. రాత్రి కొట్టుగదిలో కాయలప్రక్కన పండుకొనుము."

లోపల పొయ్యిమీది పలక కిఱ్ఱుమనెను. మెలాష్క యెవరి యాసరాయు లేక క్రిందికి దిగుచుండెను. పరాస్క పట్టుకొనబోగా విడిపించుకొని పొయ్యిగోడపై నఱచేయి యానించి తడుముకొనుచు పోయెను. నున్ననిచోట నామె చేయి యాగెను. మఱల తడిమెను. వ్రేలికొనను నాలుకపై నుంచి రుచి చూచెను. సున్నము. ఆ ముఖమున నేడుపు రాలేదు కోపము రాలేదు. చెడిపోయిన వంటకమును నోట బెట్టిన యింటియిల్లాలి ముఖమున కలుగు వికారమే కలిగెను.

"సావా" అనెను ముసలిది. "గోడలకేనంటివి కదరా."

సావా వెనుకకు తిరుగలేదు. కూతునికి తన తల్లి కనబడకుండునట్లు వాకిలికడ్డముగా జరిగెను. జరిగినను అతని చంకక్రిందనుండి ఉల్యానాకు కనబడెను. అవ్వ చేయి ఎఱ్ఱజుట్టు కొనను కనుగొన్నది. అచ్చటినుండి క్రిందికి కంఠమెచ్చటనో రెక్కయెచ్చటనో తోక యెచ్చటనో కొలిచికొనుచు పోయి ఆగినది. గోరు వంచి గీర నారంభించినది. ఆ గీరుట యే వరునికిని సమ్మతి గాదు. పెచ్చులు నేల రాలుచుండెను.

సావా తలుపు మూసెను.